రైతు కుటుంబాలు – వాతావరణ మార్పుకు సర్దుబాటు (ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం)

వానలు, ఎండలు, తుఫానులు మారుతున్న కొద్దీ రైతు కుటుంబం తన పంటను, అదునును, నీటి వాడకాన్ని, అప్పుసొప్పులను, ఒక్కోసారి వృత్తినే మార్చుకోవడాన్ని వాతావరణ మార్పుకు సర్దుబాటు అంటారు. శాస్త్ర గ్రంథాల్లో దీన్ని అనుకూలనం అని రాస్తున్నారు. ఒకే ఊళ్లో, ఒకే కాలువ కింద, ఒకే తుఫానులో పంట పోగొట్టుకున్న రెండు కుటుంబాల్లో ఒకటి మరుసటి ఏడు పద్ధతి మారుస్తుంది, రెండోది పాత దారినే పోతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందన్నదే ఈ వ్యాసం విషయం. ఇందుకు గోదావరి పశ్చిమ డెల్టాను, దాని ఎగువనున్న మెట్టను, అందరి నీళ్లూ చేరే కొల్లేటిని పరిశీలనకు తీసుకున్నాం.

రైతుకు తెలియక మారడం లేదని చాలామంది అనుకుంటారు. ఈ ప్రాంతాన్ని దగ్గరగా చూస్తే ఆ మాట నిలబడదు. కార్తీకంలో వాయుగుండం పడుతుందని ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. భూమి ఎవరి పేరున ఉంది, నీరు ఏ తేదీన వస్తుంది, పొలంలోని మురుగు ఎటు పోతుంది అన్న మూడు విషయాలే ఇక్కడ కుటుంబం ఎంత మారగలదో తేలుస్తున్నాయి.

నేల, నీరు

ధవళేశ్వరం దగ్గర గోదావరిపై 1847–1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాక పశ్చిమ డెల్టాకు కాలువలు వచ్చాయి. విజ్జేశ్వరం నుంచి బయలుదేరే ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. విజయవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ కూడా అక్కడికే వస్తుంది. స్థూలంగా ఏలూరు కాలువకు ఎగువన ఉన్నది మెట్ట, దిగువన ఉన్నది డెల్టా. ద్వారకాతిరుమల, కామవరపుకోట, చింతలపూడి, జంగారెడ్డిగూడెం మెట్టలోకి వస్తాయి. ఉంగుటూరు, నిడమర్రు, గణపవరం వైపు పోయేకొద్దీ నేల పల్లమై, భీమడోలు, కైకలూరు, ఆకివీడు చేరేసరికి కొల్లేరు కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కొల్లేరులో అధిక భాగం కొత్త ఏలూరు జిల్లాలో చేరింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలోనే ఉంది. నీరు మాత్రం జిల్లా హద్దులు చూసుకుని పారదు.

కొల్లేరు రెండు డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఇందులో కలుస్తాయి. డెల్టా మురుగు డ్రెయిన్లు చాలావరకు దీంట్లోకే వస్తాయి. సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు అని గీసిన కాంటూరు గీతలతో దీని విస్తీర్ణాన్ని కొలుస్తారు. మూడో కాంటూరు వరకు దాదాపు 135 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరు వరకు 308, పదో కాంటూరు వరకు 901. మూడో కాంటూరు నుంచి నీటిమట్టం రెండు అడుగులు పెరిగితే సరస్సు రెట్టింపు కన్నా ఎక్కువ అవుతుందన్నమాట. ఈ అంకెలు తెలియకపోయినా, గుమ్మం ముందుకొచ్చిన నీటిని చూసి లెక్క కట్టడం కొల్లేటి లంక గ్రామాల వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య.

మారిన అదును

ఇక్కడ తొలకరి పంటను సార్వా అని, రెండో పంటను దాళ్వా అని అంటారు. సార్వాకు నీళ్లు మామూలుగా జూన్‌లో వదులుతారు. ఆకుమడులు పోసి, ఊడ్పులు ముగించేసరికి జూలై చివరో ఆగస్టో అవుతుంది. మార్టేరు పరిశోధన కేంద్రం (1925లో ఏర్పడింది) 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఈ డెల్టాను దశాబ్దాల పాటు ఏలింది. దానికి దాదాపు 150 రోజులు కావాలి. ఊడ్పు ఆలస్యమైతే కోత నవంబరు చివరికో డిసెంబరుకో జరుగుతుంది. బంగాళాఖాతం తుఫానుల కాలం సరిగ్గా అదే.

1996 నవంబరు 6న కోనసీమను కూల్చిన తుఫాను, 2012 నవంబరు మొదట్లో నీలం తెచ్చిన వానలు, 2013 నవంబరులో హెలెన్, 2018 డిసెంబరులో పెథాయ్, 2020 నవంబరు చివర నివర్, 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మోంథా – ఈ వరస చూస్తే పంట చేతికొచ్చే వారాల మీదే దెబ్బ ఎంతగా పడుతోందో అర్థమవుతుంది. తుఫానులు డెల్టాకు కొత్త కాదు. 1977 దివిసీమ ఉప్పెనను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. తక్కువ గంటల్లో ఎక్కువ వాన కురవడం, రెండు వానల మధ్య వట్టిరోజులు పెరగడం, దాళ్వా పూత సమయానికే ఎండ ముదరడం ఈ తరం చూస్తున్న మార్పులు. పూత దశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి తాలు గింజలు పెరుగుతాయి. అందుకే మార్చి ఎండ చూసి దాళ్వా రైతు భయపడతాడు.

కోసిన పనల మీద వాన పడితే ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో ఒకసారి చూడాలి. చేలో పరిచిన పన నీళ్లలో తేలుతూ ఉంటుంది. రెండో రోజుకు కంకిలోనే తెల్లటి మొలక కనిపిస్తుంది. వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పినట్టు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, స్ప్రేయరుతో పనల మీద కొడతారు. ఆ ఉప్పు ద్రావణం మొలకను ఆపుతుంది. ఇంటిల్లిపాదీ మోకాలి లోతు నీళ్లలో నిలబడి పనలను గట్టుకు చేరుస్తారు. ఎండ కాయగానే రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే మీటరు పెడితే 17 శాతం దాటకూడదు. దాటితే ఆ ధాన్యం మళ్లీ రోడ్డెక్కాలి. ఆ రెండు మూడు రాత్రులు నిద్రలేక టార్పాలిన్ కొంగు పట్టుకుని కూర్చున్న మనిషికి వాతావరణ మార్పు గురించి వేరే పాఠం చెప్పనక్కర్లేదు. అయినా మరుసటి ఏడు కూడా అదే అదునులో ఊడ్పు జరుగుతుంది.

ఒక్క ఇల్లే ముందుకు జరగడం కుదరదు

జూన్ మొదట్లోనే నీళ్లు వదిలి, 120–135 రోజుల రకాలు వేసి, తుఫానుకు ముందే కోసుకోవాలన్నది ఎప్పటి నుంచో వినిపిస్తున్న మంచి సలహా. 2022లో ప్రభుత్వం గోదావరి డెల్టాకు జూన్ 1నే నీళ్లు వదిలింది. మార్టేరు నుంచి తక్కువ కాలపు రకాలూ, పడిపోకుండా నిలబడే రకాలూ వచ్చాయి. ఇంద్ర, అమర వంటివి ముంపును కొంత ఓర్చుకుంటాయి. ఒడిశాకు చెందిన ఒక దేశవాళీ వరిలోని ముంపు తట్టుకునే జన్యువును చేర్చి తయారుచేసిన స్వర్ణ సబ్ 1 రకం 2009లో మన దేశంలో విడుదలైంది. పిలక దశలో పది పద్నాలుగు రోజులు నీళ్లలో మునిగినా అది మళ్లీ తేరుకుంటుంది. ఆగస్టు వరదకు ఇది మంచి విరుగుడు. నవంబరులో పండిన కంకి పడిపోతే అది కూడా ఏమీ చేయలేదు. విత్తనం మార్చడమే సర్దుబాటు అనుకునేవాళ్లు దశను కూడా చూడాలి.

రకం మారినా అదును మారకపోవడానికి కారణం కాలువలోనే ఉంది. ఒక తూము కింద నలభై ఎకరాలుంటే ఒక్క రైతు ముందుగా ఊడ్వలేడు. ఆ తూము కింద నీళ్లు అందరికీ ఒకేసారి వస్తాయి, పురుగు, ఎలుక, పక్షి మాత్రం ముందు పండిన చేను మీదే పడతాయి. కాలువ చివరి భూములకు నీరు చేరేసరికి ఎగువ వాళ్ల ఊడ్పులు అయిపోతాయి. దాళ్వా కోత ఆలస్యమైతే కాలువల మరమ్మతుకు వేసవిలో వ్యవధి చాలదు. ఆ ఆలస్యం సార్వాను కూడా వెనక్కి నెడుతుంది. గోదావరిలో నీరు తగ్గిన ఏడాది దాళ్వాకు సీలేరు జలాల మీద ఆధారపడి, వంతులవారీగా ఇస్తారు. ఎన్ని ఎకరాలకు ఇవ్వాలన్నది నీటిపారుదల సలహా మండలి సమావేశంలో తేలాక గానీ రైతు తన దాళ్వా గురించి నిర్ణయించుకోలేడు. నాటు మానేసి వెదజల్లు పద్ధతికీ, డ్రమ్ సీడరుకూ వెళ్లినవాళ్లు కూలి ఖర్చుతో పాటు కొన్ని రోజులు కూడా మిగుల్చుకున్నారు. ఆ పద్ధతికి చదునైన మడి, మొలక దశలో నీరు బయటికి పోయే దారి రెండూ కావాలి. కొల్లేటి పక్క పల్లపు చేలలో ఆ దారి దొరకడమే కష్టం.

1997లో ఆంధ్రప్రదేశ్‌లో రైతుల ఆధ్వర్యంలో నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చి నీటి సంఘాలు ఏర్పడ్డాయి. అవి గట్టిగా పనిచేసిన చోట మాటలు తక్కువై పనులు ముందుగా అయ్యాయి. సంఘం చురుకు తగ్గిన చోట ఎవరి తూము వాళ్లదే అయింది. డెల్టాలో సర్దుబాటుకు కొలమానం తూము అనీ, ఒక ఇల్లు కాదనీ నా అభిప్రాయం.

చదువు, అప్పు, పొరుగు

ఇతర దేశాల అధ్యయనాలతో ఒకసారి పోల్చి చూస్తే మన ప్రాంతపు ప్రత్యేకత తెలుస్తుంది. ఇథియోపియాలోని నైలు నదీ పరీవాహకంలో డెరెస్సా బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం సర్దుబాటుకు చదువు, విస్తరణ సేవలు, రుణం, వాతావరణ సమాచారం దోహదం చేస్తాయనీ, డబ్బు, సమాచారం లేకపోవడమే పెద్ద అడ్డంకులనీ తేల్చింది. అమెరికాలోని అయోవాలో సంకర మొక్కజొన్న వ్యాప్తిపై రయాన్, గ్రాస్ 1943లో రాసిన వ్యాసం మరో విషయం చెప్పింది. కొత్త విత్తనం గురించి రైతు మొదట అమ్మకందారు నోట విన్నాడు, వేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం పొరుగు రైతును చూసి తీసుకున్నాడు.

ఈ రెండో విషయం ఇక్కడా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తోంది. అది పొరుగు రైతు చేతే పొరుగు రైతుకు నేర్పించే పద్ధతిని ఎంచుకుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఎండకు వదలకుండా పచ్చగా ఉంచడం, జీవామృతం వాడడం, వేర్వేరు పంటలు కలిపి వేయడం వంటివి మహిళా సంఘాల ద్వారా ఇంటింటికీ వెళ్లాయి. 2024లో ఈ కార్యక్రమం గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని మరో ఇద్దరితో కలిసి అందుకుంది. ఎండకూ వానకూ తట్టుకునే నేల తయారు కావడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లూ ఆ నేల మీదే ఉండగలనన్న భరోసా రైతుకు ఉండాలి. ఇక్కడే కౌలు విషయం వస్తుంది.

కౌలు

డెల్టాలో చేను దున్నే వ్యక్తి ఒకరు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న వ్యక్తి మరొకరు కావడం సర్వసాధారణం. యజమాని ఏలూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని మాట మీద కుదురుతుంది. కాగితం ఉండదు. పాసుపుస్తకం మీద పంట రుణం యజమాని తీసుకుంటాడు. సాగుచేసే కుటుంబం మిల్లరు దగ్గరో, ఎరువుల కొట్టులోనో, ఊళ్లో వడ్డీకో తెస్తుంది. తుఫాను వచ్చి పంట పోతే కౌలు బస్తాలు పూర్తిగా తగ్గవు.

ఇలాంటి ఇంటికి కొత్తది చేసి చూసే ధైర్యం ఎలా వస్తుంది? కొత్త రకం వేసి పది బస్తాలు తగ్గితే ఆ నష్టం కౌలుదారుదే. మురుగు బోదె తవ్వితే, గట్టు ఎత్తు చేస్తే లాభం వచ్చే ఏడు ఆ చేను తీసుకున్న మరొకరిది కావచ్చు. ఎరువుల అప్పు ఇచ్చిన మిల్లరు తాను కొనే రకమే వేయమంటాడు. అందుకే కౌలు కుటుంబం చేయగల సర్దుబాట్లు చిన్నవిగా, ఆ పంట వరకే పరిమితమై ఉంటాయి. టార్పాలిన్లు కొనడం, కోత మిషను కోసం ముందే మాట్లాడుకోవడం, ఒక వారం ముందు కోసేయడం – ఇంతవరకే. పాసుపుస్తకం తన పేరున ఉన్న చిన్న రైతు ఇంతకన్నా ఎక్కువ చేయడానికి కారణం అతని తెలివి కాదు, తవ్విన బోదె తనకే మిగులుతుందన్న నమ్మకం.

ఈ సమస్యను ప్రభుత్వాలు గుర్తించకపోలేదు. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్, 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వేసిన మోహన్ కందా కమిటీ, ఆ తర్వాత రాధాకృష్ణ కమిషన్ – అందరూ కౌలుదారు సంగతి ఎత్తారు. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చి, పదకొండు నెలల గడువుతో సీసీఆర్సీ కార్డు ఇచ్చారు. ఆ కార్డుకు యజమాని అంగీకారం తప్పనిసరి. సంతకం పెడితే భూమి మీద కౌలుదారుకు హక్కు వస్తుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు ముందుకు రాలేదు. కార్డు లేకపోతే ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదులో పేరు ఎక్కడం కష్టం. పేరు ఎక్కకపోతే బీమా, పెట్టుబడి రాయితీ, ధాన్యం అమ్మకం అన్నీ చిక్కులే. చెప్పాలంటే ఏ వాతావరణ పథకమైనా ఈ ఒక్క సంతకం దగ్గరే ఆగిపోతోంది.

బీమాలో ఇంకో మెలిక ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో వరికి గ్రామం యూనిట్‌గా దిగుబడి లెక్కిస్తారు. ఊరంతా మెరకలో ఉండి, కొల్లేటి వైపున్న నాలుగు చేలు మునిగితే సగటు దిగుబడి బాగానే కనిపిస్తుంది, ఆ లెక్క ప్రకారం ఆ నాలుగు ఇళ్లకు పరిహారం అందదు. కోసి చేలో ఆరబెట్టిన పంటకు తుఫానువల్ల, అకాల వానవల్ల నష్టం జరిగితే పద్నాలుగు రోజుల వరకు విడిగా లెక్కించే వీలు ఆ పథకంలో ఉంది. ఈ సంగతి తెలిసి, గడువులోపు ఫిర్యాదు చేసే కుటుంబాలకు అది ఉపయోగపడుతుంది. ఇక్కడ మాత్రం చదువుకున్న కొడుకో కూతురో ఇంట్లో ఉండడం నిజంగా తేడా చూపిస్తుంది.

చేపల చెరువు: సర్దుబాటా, బెడదా?

కొల్లేటి అంచున వరి ఏటా మునిగిపోతుంటే, ఆ చేలను చేపల చెరువులుగా మార్చడం అక్కడి కుటుంబాలు చేసిన అతిపెద్ద సర్దుబాటు. మునిగే నేల నీటికే పనికొస్తుందన్న ఆలోచనలో తప్పు పట్టలేం. 1970ల మధ్యలో ప్రభుత్వమే వడ్డీ కులపు జాలర్ల, దళితుల సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది. రాగండి, కట్ల పెరిగాయి. లారీల్లో ఐసు వేసి కలకత్తాకు, అస్సాంకు చేప వెళ్లింది. డబ్బు చూశాక బయటి పెట్టుబడి వచ్చింది. సంఘాల చెరువులు లీజుకు పోయాయి, చెరువుల గట్లు సరస్సు గర్భంలోకి చొచ్చుకొచ్చాయి. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2005–06లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువుల గట్లు తెంచారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. ఆ వివాదం ఇంకా సాగుతూనే ఉంది. గట్లు తెగిన తర్వాత లంక గ్రామాల నుంచి పనుల కోసం వలసపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పక్షులను కాపాడడం అవసరమే. తాటి దోనె మీద వల వేసి బతికిన వడ్డీ కుటుంబానికి ప్రత్యామ్నాయం చూపించడం కూడా అంతే అవసరం.

చెరువు పెట్టుబడితో కూడిన పని. తెల్లవారుజామున, అందులోనూ మబ్బు పట్టిన రోజుల్లో, చెరువు గట్టు మీద నిలబడితే అసలు కష్టం కనిపిస్తుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. ముందు రోజు ఎండ లేకపోతే కొత్తగా తయారైంది తక్కువ. నీరు వేడెక్కే కొద్దీ అది పట్టి ఉంచే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. నాలుగు గంటలకల్లా చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. కాపలా మనిషి టార్చి వేసి చూసి, యజమానికి ఫోన్ చేసి, ఏరియేటర్లు వేస్తాడు, ఇంజను పెట్టి నీరు తోడిస్తాడు. కరెంటు పోతే జనరేటర్ కావాలి. జనరేటర్ లేని చిన్న రైతు ఒక్క తెల్లవారుజామున ఏడాది పెట్టుబడి పోగొట్టుకోవచ్చు. వరిలో వాతావరణ ప్రమాదాన్ని తప్పించుకుందామని చెరువులోకి వచ్చిన కుటుంబాన్ని అదే ప్రమాదం ఇంకో రూపంలో పట్టుకుంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు పొరుగువాడిది. ఒక చెరువు గట్టు ఎత్తైతే దాని పక్క వరిచేను నీరు నిలిచే గుంటవుతుంది. మధ్యలో చిక్కిన వరి రైతు రెండేళ్లు చూసి, తానూ భూమిని చెరువుకు లీజుకిస్తాడు. ఆ భూమి మీద కౌలు చేసుకునే కుటుంబం, ఊడ్పులకు, కోతలకు వచ్చే కూలి ఆడవాళ్లు అందరూ పని పోగొట్టుకుంటారు. కొన్నిచోట్ల వనామీ రొయ్య కోసం ఉప్పునీరు వాడడంతో చుట్టుపక్కల చేలు చవుడు పట్టాయి. ఒకరికి మేలు చేస్తూ మరొకరిని ప్రమాదంలోకి నెట్టే ఇలాంటి మార్పులను 2022లో వచ్చిన ఐపీసీసీ (వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం) నివేదిక బెడిసికొట్టే సర్దుబాట్లుగా పేర్కొని, చాలా ప్రాంతాల్లో వీటికి ఆధారాలు పెరుగుతున్నాయని హెచ్చరించింది. కొల్లేరు దానికి మన ఇంటి ముందున్న ఉదాహరణ.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరు చాలావరకు తర్వాత చేరింది కొల్లేటికే. ఏలూరు–కైకలూరు దారిలో పెదయడ్లగాడి వంతెన దగ్గర నీరు రోడ్డెక్కింది. లంక గ్రామాలకు పడవలే దిక్కయ్యాయి. 2020 అక్టోబరులో తమ్మిలేరు ఏలూరు పట్టణంలోకి వచ్చింది. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగినప్పుడల్లా నందమూరు అక్విడక్టు చుట్టుపక్కల పొలాలు మునుగుతాయి. అదే ఎర్రకాలువ దిగువన యనమదుర్రు డ్రెయిన్‌గా మారి భీమవరం మీదుగా పోతుంది. ఎగువ ఊళ్ల వాన దిగువ ఊళ్ల ముంపు అవుతున్న ఈ ప్రాంతంలో కుటుంబం చేసుకోగలిగిన సర్దుబాటుకు ఒక హద్దు ఉంటుంది.

మెట్టలో

మెట్ట కథ వేరు. అక్కడ ముంపు కన్నా భూగర్భ జలం పడిపోవడమే పెద్ద భయం. పొగాకు, మొక్కజొన్న, మామిడి, అరటి పండే ఈ నేలల్లో బోరున్న రైతు ఆయిల్ పామ్‌కు మారాడు, దాని నీడలో కోకో వేశాడు. పెదవేగిలో 1995లో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడడం, అక్కడే గెలలు కొనే మిల్లు ఉండడం ఆ మార్పుకు ఊతమిచ్చాయి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007లో వచ్చిన ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా మెట్ట రైతును తోటల వైపు నడిపించింది. 2003లో మొదలైన సూక్ష్మసేద్య పథకం డ్రిప్ గొట్టాలను పల్లెలకు చేర్చింది.  అయితే ఆయిల్ పామ్ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. నీరు కూడా ఎక్కువే కావాలి. అంతకాలం ఆదాయం లేకుండా నిలబడగలిగిన ఇల్లు, సొంత బోరు ఉన్న ఇల్లు మాత్రమే ఆ దారిలో వెళ్లగలిగాయి. పదకొండు నెలల కార్డు చేతిలో పెట్టుకుని నాలుగేళ్ల చెట్టు నాటడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇంటి లోపల

ఈ విషయంలో ఆడవాళ్ల మాటకు ఉన్న బరువు గణాంకాల్లో సరిగా కనిపించదు. ఊడ్పులు, కలుపు, కోత అనంతరం ఆరబోత అన్నీ వాళ్ల పనే. ఎండ ముదిరితే పనివేళలు తెల్లవారుజాముకు జరుపుకున్నదీ వాళ్లే. డ్వాక్రా సంఘం రుణం ఇంటికి వచ్చినప్పుడు గేదె కొనాలా, బాకీ తీర్చాలా అన్నది చాలా ఇళ్లలో భార్యాభర్తలు కలిసి తేల్చుకుంటారు. గేదె పాలు, పెరటి కోళ్లు, కొడుకు ఏలూరులో చేసే కొలువు, కువైట్ వెళ్లిన అమ్మాయి పంపే డబ్బు – పంట పోయిన ఏడాది ఇంటిని నిలబెట్టేవి ఇవే. పొలం బయటి ఆదాయం ఉన్న ఇల్లు పొలంలో కొత్తది చేసి చూస్తుంది. దానికి ఓడిపోయే స్తోమత ఉంటుంది కాబట్టి.

వాతావరణ సమాచారానికి వస్తే, 2019లో వచ్చిన మేఘదూత్ యాప్ మొదలు టీవీ, వాట్సాప్ సందేశాల దాకా తుఫాను కబురు ఇప్పుడు మూడు నాలుగు రోజుల ముందే ఊరికి చేరుతోంది. 2020 మే 30న ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాలు (2024 తర్వాత రైతు సేవా కేంద్రాలు) ఆ కబురును పొలం భాషలోకి తెచ్చాయి. కోత మిషన్లు చాలనప్పుడు, మురుగు డ్రెయిన్ గుర్రపుడెక్కతో నిండి ఉన్నప్పుడు ఆ కబురు విన్నవాళ్లకు కంగారు తప్ప వేరే లాభం లేదు.

కౌలుదారు పేరు యజమాని భయపడకుండా ఈ-పంటలో ఎక్కే ఏర్పాటు, తూము వారీగా జూన్ మొదటి వారంలో నీరు, సార్వా ముందు డ్రెయిన్ల పూడికతీత – ఈ మూడింటినీ ఏ కుటుంబమూ తనంతట తాను చేసుకోలేదు, వీటిని చేయాల్సింది ప్రభుత్వమే. 1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ కూడా డెల్టా మురుగు, ఉప్పుటేరు గురించే ప్రధానంగా చెప్పింది. అరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగి పారే ఆ ఏటిలోకి ఇప్పుడు పోటు సమయంలో సముద్రపు నీరు వెనక్కి ఎక్కి వస్తోంది. కొల్లేటి నీళ్లు సముద్రానికి పోవడానికి ఈనాటికీ ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే.